గొడుగుల కంపెనీకి పీ.ఈ. తగ్గిన వ్యవహారం

వాటాదారుల విభాగం అధికారి గారికి,

అయ్యా,

నేను హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అప్పుడు చేతికొచ్చిన సొమ్ములో కొంత మీ గొడుగుల కంపెనీలో పెట్టి వాటాలు కొన్నాను. వాటాలు నా భార్య పేరున ఉన్నా, కోపం మాత్రం నాది. ఇన్నాళ్లూ మీ జోలికి రాలేదు. ఇవాళ రాక తప్పడం లేదు.

మా పక్కింట్లో లెక్కల మాస్టారు ఉంటాడు. నాతోపాటు అదే బడిలో పనిచేసి, అదే రోజు రిటైరై దండ వేయించుకున్న మనిషి. ఆయనకి ఏదో సిమెంటు కంపెనీలో వాటాలున్నాయి. ఇవాళ పొద్దున్నే ప్రహరీ గోడ మీద పేపరు పరిచి, మా కంపెనీ పీ.ఈ. అరవై, మీది ఎంతో చూసుకున్నారా అని అడిగాడు. చూశాను. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. పది. నేను కొన్ననాడు ముప్ఫై ఉండేదట.

పీ.ఈ. అంటే ఏమిటో నాకొకరు చెప్పక్కర్లేదు. నా జీతం బిల్లు మీద పీ.ఈ., నా గది తలుపు మీద పీ.ఈ. వ్యాయామం నేర్పి బతికిన మనిషిని. ముప్ఫై ఉన్నది పదికి పడిందంటే మీ కార్మికులు ఒళ్లు వంచడం మానేశారని చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. మీరంతా ఏం చేస్తున్నారు? పొద్దున పని మొదలుపెట్టే ముందు వాళ్లని వరసలో నిలబెట్టి చేతులు పైకెత్తించే నాథుడు ఒక్కడు లేడా?

తక్షణం చర్య తీసుకోగలరు. లేదా నేనే ఈల పట్టుకుని బయల్దేరవలసి వస్తుంది.

ఇట్లు,
విశ్రాంత డ్రిల్లు మాస్టారు

తా.క.: కొన్న ఏడాది మీరు పంపిన వార్షిక నివేదిక అట్ట మీద గేటు ముందు నిలబడ్డ కాపలాదారు ఫొటో చూశాను. ఆయన చొక్కా బొత్తాలు పడుతున్న అవస్థ చూస్తే పది కూడా ఎక్కువే వేశారనిపించింది.

~

పూజ్యులైన బాబాయి గారికి,

మీ అన్నయ్య కూతురు నమస్కరించి రాసేది. నేనిక్కడ క్షేమం. మీరూ పిన్నీ క్షేమమని తలుస్తాను.

మీ ఉత్తరం విభాగానికి అందింది. విభాగమంటే ఎవరో కాదు, నేనే. నేను, ఒక బల్ల, మెట్ల కింద గది. కొత్త ఉద్యోగంలో చేరానని నాన్న మీకు చెప్పే ఉంటారు, ఏ కంపెనీయో చెప్పడం మరిచినట్టున్నారు. ఫోను చేస్తే, కంపెనీ వ్యవహారాలు కాగితం మీదే నడవాలని మీరు పెట్టేశారు. అందుకే ఈ ఉత్తరం.

బాబాయ్, ఈ పీ.ఈ.కి డ్రిల్లుతో సంబంధం లేదు. మీరొక కుట్టుమిషను కొన్నారనుకోండి. వెల మూడు వందలు. ఖర్చులన్నీ పోను ఏడాదికి పది మిగులుస్తుంది. మూడు వందల్ని పదితో భాగిస్తే ముప్ఫై. అంటే లాభం ఏటా ఇలాగే వస్తే, పెట్టిన సొమ్ము తిరిగి రావడానికి ముప్ఫై ఏళ్లు పడుతుంది. అదే పీ.ఈ. పైన వాటా ధర, కింద ఆ వాటాకి వచ్చిన ఏడాది లాభం. అంతకంటే అందులో బ్రహ్మరహస్యం లేదు.

పోయినేడు వానలు దంచి కొట్టాయి. గొడుగుల కోసం షాపులవాళ్లు మా గేటు దగ్గర కొట్టుకున్నంత పని చేశారు. వాటాకి పది వచ్చేచోట ముప్ఫై వచ్చింది. ధర మాత్రం మూడు వందల దగ్గరే ఉంది. మూడు వందల్ని ముప్ఫైతో భాగించి చూడండి. అదే మీకు పేపర్లో కనబడిన పది. ఇది సంతోషించాల్సిన సంగతే తప్ప ఈల వెయ్యాల్సిన సంగతి కాదు.

పిన్నికి నమస్కారాలు.

మీ అమ్మడు,
వాటాదారుల విభాగం

తా.క.: మీ ఉత్తరం తెచ్చిచ్చింది కాపలాదారే. ఏం రాశారో చదివి వినిపించమన్నాడు. ముందే చూసుకోక మొత్తం చదివేశాను. అప్పట్నుంచి నేను గేటు దాటేటప్పుడల్లా ఊపిరి బిగబట్టి నిలబడుతున్నాడు.

~

చిరంజీవి అమ్మడికి,

బాబాయి ఆశీర్వదించి రాసేది. నువ్వు అక్కడ ఉన్నందుకు సంతోషం. అయితే మా అన్నయ్య కూతురివి కదా అని నేను మెత్తబడతానని మీ కంపెనీ అనుకుంటే అది పొరపాటు. ఆశీర్వాదం నీకు, కింద రాసేదంతా వాళ్లకి.

నీ వివరణ చదివాక నా రక్తం ఇంకా మరిగింది. నేను ముప్ఫై ఉన్నప్పుడు కొన్నాను. ఇప్పుడు పది. మధ్యలో ఇరవై ఏ గంగలో కలిసింది? ఇవాళ దారిన పోయే దానయ్య కూడా పదికే వాటాదారు అయిపోతాడు. రేపు మీటింగులో వాడూ నేనూ పక్కపక్క కుర్చీల్లో కూర్చోవాలి. బాల్కనీ టిక్కెట్టు కొన్నవాడి పక్కన నేల టిక్కెట్టువాణ్ణి కూర్చోబెట్టినట్టు కాదూ? నా ఇరవై నాకు తిరిగి ఇప్పించండి.

ఇంకో సంగతి. పెట్టిన సొమ్ము రావడానికి ముప్ఫై ఏళ్లు పడుతుందని నువ్వే రాశావు. మీ వాళ్లకి ఆ సంగతి ముందే తెలుసన్నమాట. తెలిసీ రిటైరైన మనిషికి అమ్మారు. ముప్ఫై ఏళ్లు పోయాక నా వయసెంతో, నేనెక్కడుంటానో లెక్క వేశారా? లేక, ఎలాగూ అడగడానికి రాడులే అనే ధీమాయా?

పక్కింటాయన రోజూ గోడ మీదికి మెడ సాచి, ఇంకా పదేనా అని అడుగుతున్నాడు. జ్వరం తగ్గిందా అని అడిగినట్టు అడుగుతున్నాడు. నేను పెరట్లోకి వెళ్లడం మానేశాను. మొక్కలు ఎండుతున్నాయి. దానికీ మీదే బాధ్యత.

మీ బాబాయి

తా.క.: నీ ఉత్తరం పైకి చదువుతుంటే పిన్ని సగమే విన్నది. కుట్టుమిషను ఎప్పుడు పంపుతున్నారని అడుగుతోంది. కాలితో తొక్కేదైతే వద్దట, మోకాళ్ల నొప్పులు, మోటారుది పంపమంటోంది.

~

పూజ్యులైన బాబాయి గారికి,

నమస్కారాలు. ఇరవై ఏ గంగలోనూ కలవలేదు. అది డబ్బు కాదు, భాగహారానికి వచ్చిన జవాబు. వాటా ధర అప్పుడూ మూడు వందలే, ఇప్పుడూ మూడు వందలే. ఇవాళ కొనేవాడు కూడా ఆ మూడు వందలే ఇచ్చి కొనాలి. మీ బాల్కనీ టిక్కెట్టుకి ఏ లోటూ రాలేదు.

మరి లాభం మూడింతలైతే ధర ఎందుకు పెరగలేదని మీరడగాలి. అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. కొనేవాళ్లు ఆకాశం చూసి కొంటారు బాబాయ్. ఒక ఏడు కురిసిందని వచ్చే ఏడూ కురుస్తుందని ఎవరూ రాసివ్వరు. పాత నివేదికలన్నీ దుమ్ము దులిపి చూశాను. వానలు కురిసిన ఏడల్లా లాభం పొంగి మన పీ.ఈ. కిందికి దిగింది. వానలు మొహం చాటేసిన ఏడల్లా లాభం ఇంకిపోయి పీ.ఈ. పైకెక్కింది. బాగున్నప్పుడు తక్కువ, బాగోలేనప్పుడు ఎక్కువ. మన కంపెనీ తీరు అది. అందుకే ఒక్క ఏడాది అంకె పట్టుకుని ఏడవకూడదు, నవ్వకూడదు.

బళ్లో మీరు ప్రతి ఏడూ పిల్లల్ని గోడకి నిలబెట్టి ఎత్తు కొలిచేవారు గుర్తుందా. ఒక్క గీత చూసి పిల్లాడు ఎదుగుతున్నాడో లేదో చెప్పేవారా? కింద పాత గీతలుంటేనే కదా తెలిసేది. ఇదీ అంతే. సిమెంటు కంపెనీ గీతలు వేరే గోడ మీదివి. వాటితో మనకి పోటీ లేదు. నిశ్చింతగా మొక్కలకి నీళ్లు పొయ్యండి.

మీ అమ్మడు

తా.క.: కుట్టుమిషను ఉదాహరణ మాత్రమేనని పిన్నికి మీరే చెప్పండి, నాకు ధైర్యం చాలడం లేదు. ఈ వాటాదారు మీకేమవుతారని మా మేనేజరు అడిగారు. దూరపు చుట్టమన్నాను. ఇంకొంచెం దూరం పెట్టుకోమన్నారు.

~

చిరంజీవి అమ్మడికి,

ఏడాది తిరిగేసరికి ఇంత ఘనకార్యం జరిగితే, వాటాదారుడికి ఒక్క ముక్క రాయరా? పేపరు చూసి తెలుసుకోవాలా? తొంభై. మన పీ.ఈ. తొంభై. అచ్చు తప్పేమోనని రెండో పేపరు కూడా కొన్నాను. అందులోనూ తొంభయ్యే. ఇలాంటప్పుడు గేటు ముందు దండోరా వేయించి, వాటాదారులందరికీ కబురంపాలి. మీ కంపెనీకి మర్యాద తెలియదు.

నా పని నేను చేశాను. పేపరు చంకలో పెట్టుకుని వీధి ఆ చివర నుంచి ఈ చివరికి నడిచాను. లెక్కల మాస్టారు గోడ దగ్గరే ఉన్నాడు. ఆయన అరవై ఇంకా అరవై దగ్గరే చతికిలబడి ఉంది. పేపరు ఆయన మొహం ముందు పెట్టి ఏమీ అనకుండా నిలబడ్డాను. మాట్లాడితే గెలిచినట్టుండదు.

ఆయన మర్నాడే సిమెంటు వాటాలు తెగనమ్మి మన గొడుగుల వాటాలు కొన్నాడు. వీధి మొదట్లో మందుల షాపాయనా కొన్నాడు. ఎదురింటి రిటైరైన నర్సమ్మ, మాస్టారు చెప్పారంటే ఊరికే చెప్పరని, మనవరాలి కాలేజీ చదువుకని దాచినదాన్లోంచి తీసి కొన్నది. నా మాట మీద ముగ్గురు. నాకు ఒక్క పూలదండ లేదు సరే, ఒక్క కృతజ్ఞతా పత్రమైనా పంపరా?

నువ్వు అప్పుడెప్పుడో పొంగడం, ఇంకడం అని రాశావు. పొడుగ్గా ఉండి పూర్తిగా చదవలేదు. తొంభై వచ్చాక ఇక చదివే అవసరమూ లేదు.

మీ బాబాయి

తా.క.: మీ కాపలాదారుకి నా అభినందనలు చెప్పు. నేను తొందరపడి మాటన్నాను. తొంభై తెచ్చిన కంపెనీలో ఆయన కష్టం కూడా కొంత ఉండే ఉంటుంది.

~

బాబాయి గారికి,

నమస్కారాలు. ఈసారి కోపం నాది.

పైన ధర, కింద లాభం అని రాశాను కదా. వాన చుక్క పడలేదు బాబాయ్. వాటాకి ముప్ఫై వచ్చిన చోట మూడు వచ్చింది. ధర కూడా రెండు వందల డెబ్భైకి జారింది. రెండు వందల డెబ్భైని మూడుతో భాగించండి. ఆ తొంభై మీరు వీధంతా ఊరేగించిన తొంభై. పైది పెరగలేదు, కిందిది కరిగిపోయింది. ఆ మూడు కూడా పోయి నష్టం వస్తే, పేపర్లో ఆ గడిలో అంకే ఉండదు, చిన్న గీత పెడతారు. అప్పుడేం చేస్తారు, గీతకి దండ వేస్తారా? పీ.ఈ. అంటే మార్కులు కాదు.

ఇక్కడ కుట్టు షెడ్డులో సగం మిషన్ల మీద గుడ్డ కప్పేశారు. అమ్ముడుపోని గొడుగులు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. చువ్వలు బిగించే ఆడవాళ్లు వారంలో సగం రోజులు ఇంట్లో కూర్చుంటున్నారు. రెండో షెడ్డు మూసేస్తారంటున్నారు. మూస్తే మెట్ల కింద విభాగం ముందు పోతుంది.

కంపెనీ మునిగిపోయిందని నేననడం లేదు. మంచి ఏళ్లూ చెడ్డ ఏళ్లూ కలిపి చూస్తే వాటాకి సగటున ఏడాదికి పదిహేను లాభం వచ్చింది. ఇప్పటి ధరని ఆ పదిహేనుతో భాగిస్తే పద్దెనిమిది. మన కంపెనీని కొలవడానికి కాస్త నమ్మదగిన అంకె అది. అది కూడా వానలు మళ్లీ కురుస్తాయని నమ్మితేనే. ఉంచుకోవడమా అమ్ముకోవడమా అన్నది ఆ ముగ్గురి ఇష్టం. కానీ ఉన్నదున్నట్టు తెలిశాక నిర్ణయించుకోవాలి. మీ నోటి మాట మీద కొన్నారు, మీ నోటితోనే చెప్పండి. నర్సమ్మగారికి ముందు చెప్పండి.

ఈసారి వాటాదారుల మీటింగుకి మాత్రం మీరు రాకండి. ప్రయాణం మీకు పడదు.

మీ అమ్మడు

తా.క.: కాపలాదారుకి మీ అభినందనలు చెప్పాను. ఆయనకిప్పుడు వారంలో మూడు రోజులే పని. మిగతా రోజుల్లో డ్రిల్లు చేయిస్తారేమో కనుక్కోమన్నాడు.

~

చిరంజీవి అమ్మడికి,

బాబాయి రాసేది. నీ ఉత్తరం ఈసారి పూర్తిగా చదివాను.

ముందు నర్సమ్మ దగ్గరికే వెళ్లాను. భాగహారం కాగితం మీద వేసి చూపించాను. ఆవిడ తిట్టలేదు. మంచినీళ్లు తెచ్చిచ్చింది. తిట్టినా బాగుండేది. మందుల షాపాయన తిట్టాడు, కొంత తేలికపడింది. లెక్కల మాస్టార్ని మాత్రం నేనే నిలదీశాను. జీవితమంతా భాగహారాలు చెప్పిన మనిషివి, కింది అంకె చిన్నదైతే జవాబు పెద్దదవుతుందని తెలియదా అన్నాను. మీరు వీధి మధ్యలో అలా ఛాతీ విరుచుకుని నిలబడితే భాగహారం ఎవరికి గుర్తొస్తుందండీ అన్నాడు.

ముగ్గురూ కూడా, ఇప్పుడమ్మితే కొన్న ధరే వస్తుంది, కమీషన్లు పోను నష్టం ఖాయం, ఉంచుకుంటే వాన మీద ఆశైనా ఉంటుందని ఉంచుకున్నారు. అయితే వాళ్ల తరఫున మీ పెద్దల్ని నాలుగు మాటలు అడగడం నా ధర్మం కదా. నువ్వు రావద్దన్నా మీటింగుకి వచ్చాను. గుమ్మం దగ్గర మీ గుమాస్తా నా పేరు లేదన్నాడు. భార్య పేరు చూడమన్నాను. అదీ లేదన్నాడు. ఎలా లేదు, ఏడాది పైగా ఈ కంపెనీ నా ఉత్తరాలకి జవాబులిస్తోందని అరిచాను. లోపల కుర్చీలు సర్దుతున్నదానివి పరుగెత్తుకొచ్చి, మెట్ల కింద గదిలో నన్ను కూర్చోబెట్టి, ఒకే ఒక్క మాటన్నావు.

"బాబాయ్, నన్నేమీ అడక్కండి. ఇంటికెళ్లి పిన్నినడగండి."

అడిగాను. మీ పిన్ని బియ్యం ఏరుతూ, తలెత్తకుండా చెప్పింది. కొన్న ఏడాదే అమ్మేసిందట. అప్పట్లో మంచం మీద చినుకులు పడుతుంటే, డాబా బాగుచేయించమని తను పోరుతుంటే, నేను పళ్లెం తెచ్చి కింద పెట్టి, వాటాలు పెరగనీ అప్పుడు చేయిద్దామన్నానట. నాకు గుర్తులేదు గానీ, నేను అనే మాటలాగే ఉంది. తన పేరున ఉన్నాయి కాబట్టి అమ్మి, డాబా చేయించి, తన పొదుపు డబ్బులని చెప్పింది. ఆ తర్వాత డివిడెండని నా చేతిలో పెట్టినదంతా వంటింటి ఖర్చులో మిగిల్చిందేనట. నేను దాన్ని లెక్కల మాస్టారికి చూపించి మీసం తిప్పేవాణ్ణి.

అంటే నీకు మొదటి ఉత్తరం రాసిన నాటికే నేను ఏ కంపెనీకీ ఏమీ కాను. నీకూ ఆ సంగతి తెలుసట. వాటాదారుల జాబితాలో పేరు కనబడక నువ్వు పిన్నికి ఫోను చేస్తే, పోనీలే తల్లీ, ఆయన కోపానికి ఒక చిరునామా ఉండనీ అన్నదట. నువ్వు ఉండనిచ్చావు. అమ్మడూ, మీ ఇద్దరి మీదా నాకు వచ్చిన కోపం నేనిక్కడ రాయలేను. ఆ రోజు అన్నం తినలేదు. అయితే నాకు ఏ హక్కూ లేని జవాబుల కోసం నువ్వు దుమ్ములో కూర్చుని పాత నివేదికలన్నీ తిరగేశావు. ఆ సంగతి తెల్లారాక గుర్తొచ్చింది. అప్పుడు తిన్నాను.

పిన్ని అన్నది, మనమెలాగూ బయటపడ్డాం, ఇక ఊరుకోండని. నాకు అసలు కోపం అప్పుడొచ్చింది. ముగ్గుర్ని నీళ్లలోకి దింపి నేను గట్టు మీద తువ్వాలు భుజాన వేసుకుని నిలబడనా? నర్సమ్మ ఎదురింట్లోంచి రోజూ నన్ను చూస్తుంది. ఏ మొహంతో తలుపు తియ్యను?

అందుకని నిన్న బ్యాంకుకి వెళ్లాను. రిటైరైనప్పటి సొమ్ములో మిగిలిందాంట్లోంచి తీసి, అమ్మేసినన్ని వాటాలూ మళ్లీ కొన్నాను. రెండు వందల డెబ్భై చొప్పున. పేపర్లో తొంభై అనే ఉంది. నేను దాన్ని పద్దెనిమిదిగా చదువుకున్నాను. పిన్నిని తీసుకెళ్లి, ఈసారి ఇద్దరి పేరునా కొన్నాను. సంతకం పెట్టి మీ పిన్ని బయటికొచ్చి, "మూడు వందలకి నేనమ్మాను, రెండు వందల డెబ్భైకి మీరు కొన్నారు. ఇద్దరిలో వ్యాపారం ఎవరికి తెలుసో ఆ లెక్కల మాస్టార్ని అడగండి" అన్నది. అడగలేదు.

మీ పెద్దలకి చెప్పు. రెండో షెడ్డు మూసే ముందు, ఇప్పుడు నిజంగా వాటా ఉన్న ఒక మనిషి మీటింగుకి వస్తాడని.

ఆశీస్సులతో,
మీ బాబాయి

తా.క.: మేం నలుగురం పేపర్లో ఆ పేజీ చూడటం మానేశాం. పొద్దున్నే మా డాబా ఎక్కి మబ్బులు చూస్తున్నాం. ఇవాళ పడమటి వైపు ఒకటి కనబడింది. చిన్నదే. నర్సమ్మ దణ్ణం పెట్టింది. లెక్కల మాస్టారు దాని పీ.ఈ. ఎంతుంటుందో అనబోయి, మందుల షాపాయన చూసిన చూపుకి దగ్గుగా మార్చుకున్నాడు.